చీమ ఉన్న మూల

శుక్రవారం రాత్రి నేను ల్యాబులో కంప్యూటరు ముందు టీ చల్లారబెట్టుకుని, ఒక చుక్క వంక చూస్తూ కూర్చున్నాను. ఆ చుక్క ఉండాల్సిన చోట లేదు.

ఎక్కడ ఉండాలో నాకు బాగా తెలుసు. ఈ ఇంటికి కోడలిగా వచ్చి రెండు నెలలే అయినా, అంతకు ముందు మూడేళ్లు మామయ్య దగ్గర ల్యాబులో పనిచేశాను. అప్పుడాయన నాకు సారు. ఇరవై ఏళ్ల కిందట ఆయనా అత్తయ్యా కలిసి, అంతరిక్షంలో తిరిగే ఎక్స్-రే టెలిస్కోపుతో ఒక గెలాక్సీని చూశారు. నిజానికి అది రెండు గెలాక్సీలు ఢీకొని ఒకటవుతున్న చోటు. మామూలు వెలుగులో చూస్తే అంతా దుమ్మే. ఎక్స్-రే ఒంట్లో మాంసాన్ని దాటి ఎముకను చూపించినట్టు, ఆ దుమ్మును దాటి లోపలున్నదాన్ని చూపించింది. నడుమ ఒక పెద్ద చుక్క. దాని కుడి పక్కన, ఆనుకుని, ఒక చిన్న చుక్క. కోట్ల సూర్యుళ్ల బరువున్న రెండు కృష్ణబిలాలు, ఒకదాని చుట్టూ ఒకటి. లోకం దానికి అక్షరాలూ అంకెలూ కలిపి నోరు తిరగని పేరు పెట్టింది. మా ఇంట్లో దాని పేరు జంట.

మామయ్య పోయి ఎనిమిది నెలలు. సోమవారం ఆయన పేరు మీద సభ. అందులో అత్తయ్య జంట గురించి మాట్లాడి, అలాంటి జంటల్ని వందల గెలాక్సీల్లో వెతికే కొత్త పనికి పెద్దల మద్దతు అడగబోతున్నారు. ఆ సభ కోసం పాత డేటా అంతా ఒకచోట చేరుస్తుంటే టెలిస్కోపు చిత్రాలన్నీ దాచే ఆర్కైవులో నాకు ఇంకో చిత్రం దొరికింది. అదే గెలాక్సీ, అదే టెలిస్కోపు. తీసి ఏడాది దాటింది. అడిగి తీయించుకున్న వాళ్లకు తప్ప మరెవరికీ కనిపించకుండా మొదటి ఏడాది తాళం వేసి ఉంచుతారు. ఆ తాళం మొన్ననే ఊడింది. ఇక లోకంలో ఎవరైనా తెరిచి చూడొచ్చు.

ఆ చిత్రంలో చిన్న చుక్క కుడి పక్కన లేదు. పెద్ద చుక్క కింద ఉంది.

కృష్ణబిలాలు అంత చురుగ్గా నడిచేవి కావు. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి వాటికి లక్షల ఏళ్లు పడుతుంది. ఇరవై ఏళ్లలో పావు చుట్టు తిరిగిందంటే అది కృష్ణబిలం కాదు. మరి ఏమిటో నాకు తెలుసు. అత్తయ్యకు చెప్పాల్సింది కూడా నేనే. చెబితే ఆవిడకు మిగిలిన ఒక్క ఓదార్పూ నా చేత్తో లాగేసినదాన్ని అవుతాను. చెప్పకపోతే సోమవారం నిండు సభలో ఆవిడ మాట్లాడుతుండగా, వెనక వరసలో ఎవడో ఒకడు ఫోను తీసి ఆ చిత్రం తెరుస్తాడు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ శుక్రవారం రాత్రి నాకు అర్థమైంది.

* * *

ఈ ఇంట్లో నాకున్న కష్టం ఒక్కటే. నాకు సంతోషంగా ఉంటుంది.

పొద్దున్నే లేచి చూస్తే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. దానికే నవ్వొస్తుంది. మా ఆయన తన కళ్లజోడు తుడుచుకున్నాక, అడక్కుండానే నాది కూడా తీసి, నోటితో ఊది, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ నా ముక్కు మీద పెడతాడు. దానికే ఆ పూటంతా నా కాళ్లు నేల మీద ఉండవు. కానీ హాల్లో మామయ్య కుర్చీ ఉంటుంది. కుర్చీ పక్కన అత్తయ్య ఉంటారు. అందుకని గదిలోంచి బయటికొచ్చేటప్పుడు నా నవ్వును గుమ్మం దగ్గరే చెప్పుల్లా విప్పేసి వస్తాను. ఒక్కోసారి మర్చిపోతాను. అప్పుడు అత్తయ్య చూసి, ఏమీ అనరు. ఏదైనా అంటే బాగుండుననిపిస్తుంది.

మా ఆయనది కళ్లజోళ్ల షాపు. అసలు మా పెళ్లికి కారణమే నా కళ్లజోడు కాడ విరగడం. "మా అబ్బాయి దగ్గరికెళ్లమ్మా, ఊరికే చేస్తాడు" అని మామయ్యే పంపించారు. ఊరికే చేయలేదు. జీవితాంతానికి సరిపడా వసూలు చేశాడు. వంకర ఫ్రేము కనిపిస్తే ఆ మనిషికి ప్రాణం నిలవదు. బస్సులో ముక్కూమొహం తెలియనివాళ్ల కళ్లజోళ్లు సరిచేస్తాడు. మా పెళ్లినాడు రిజిస్ట్రారు సంతకం పెట్టమని పెన్ను అందిస్తే, "ఒక్క నిమిషం సార్" అని ముందు ఆయన ముక్కు మీది కళ్లజోడు తీసి, కాడ కాస్త వంచి, మళ్లీ పెట్టాడు. ఆ పెద్దమనిషి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసి, "ఇప్పుడు కనపడుతోందయ్యా. అమ్మాయికి నువ్వు ఒక మెట్టు తక్కువే" అన్నాడు.

అలాంటి మనిషి, మా పడగ్గదిలో ఒక్క పటం మాత్రం తప్పుగా తగిలించాడు.

అది మామయ్య మా పెళ్లికని ముందే ఫ్రేము కట్టించి, కాగితం చుట్టి, కొడుకు చేతికి ఇచ్చి పోయిన బహుమతి. జంట చిత్రం. ఫ్రేము నలుచదరం, ఎటు తిప్పినా గోడ మీద ఇముడుతుంది. కుడి పక్కనుండాల్సిన చిన్న చుక్క కిందికి దిగేలా పావు వంతు తిప్పి తగిలించాడు. అత్తయ్య మొదటి రోజే పట్టేశారు. "ఉత్తరం పైకుండాలిరా, నీ తలకాయలా పక్కకి కాదు." వాడు, అదే మా ఆయన, "రేపు సరిచేస్తాలేమ్మా" అన్నాడు. ఆ రేపు ఈ రెండు నెలల్లో రాలేదు. నేనూ పట్టించుకోలేదు. పడగ్గదిలో గోడ మీది పటాన్ని పరిశీలించే తీరిక ఉంటే వాళ్లు కొత్తగా పెళ్లైనవాళ్లే కాదు.

* * *

శనివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. మా ఆయన షాపుకెళ్లాడు. అత్తయ్య భోజనాల బల్ల దగ్గర, ఒళ్లో మామయ్య బూడిదరంగు కోటు పెట్టుకుని కూర్చున్నారు. సోమవారం ఆవిడ వేసుకోబోయేది అదే. సభ జరిగే హాల్లో చలిగా ఉంటుందన్నది పైకి చెప్పే కారణం. కోటుకు నడుమ బొత్తాం ఒకటి ఊడిపోయింది.

నేను ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"అత్తయ్యా, ఒక విషయం."

"విషయం అని మొదలెట్టినవాళ్లెవరూ నాకు మంచి విషయం చెప్పిన పాపాన పోలేదు. కూర్చో. ముందు ఈ సూదిలో దారం ఎక్కించు."

ఎక్కించాను. ఒక్కసారికే వెళ్లింది.

"కొత్త కళ్లు" అన్నారు సూది అందుకుంటూ. "నేను అరగంట నుంచి గాల్లో కుడుతున్నాను. చెప్పు."

"మీరూ మామయ్యా... జంటని మళ్లీ ఎప్పుడైనా చూశారా? టెలిస్కోపుతో?"

"మళ్లీ ఎక్కడ? ఒకసారి అడిగాం. చూసిందాన్నే మళ్లీ చూడ్డానికి టైము లేదన్నారు. తర్వాత మేమే ఊరుకున్నాం. తర్వాత ఆయనకి ఒంట్లో బాగోలేకపోయింది. ఏం?"

"మళ్లీ చూశారు అత్తయ్యా. ఆర్కైవులో ఉంది."

సూది బొత్తాం కన్నంలో ఆగింది. నేను ల్యాప్‌టాప్ తెరిచి ఆవిడ వైపు తిప్పాను. ఆవిడ బల్ల మీద కళ్లజోడు కోసం తడిమారు. అది నెత్తి మీద ఉంది. నేను చూపిస్తే దించుకుని, ముందుకు వంగి, తెర వంక చూశారు. కాసేపటికి ఆవిడ మొహంలో చిరాకు కనిపించింది. నాకు ఊపిరి ఆడింది, ఎందుకంటే చిరాకును నేను తట్టుకోగలను.

"తిప్పి పెట్టావు. మీ గదిలో పటంలాగే. నీ మొగుడి జబ్బు నీకూ అంటిందా? ఎన్నిసార్లు చెప్పాలే మీ ఇద్దరికీ, ఉత్తరం పైకుండాలని."

"నేనూ మొదట అలాగే అనుకున్నాను. తిప్పలేదు అత్తయ్యా. ఉత్తరం పైనే ఉంది. చీమని చూడండి."

చీమ అంటే పటానికి పై ఎడమ మూలన ఉండే ఒక పిసరు చుక్క. జంటకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఎక్కడో వెనకాల, ఎంతో దూరంలో ఉన్న ఇంకో గెలాక్సీ. మొదటిసారి చిత్రం తెర మీదకి వచ్చినప్పుడు మామయ్య చీమ పాకుతోందనుకుని వేలితో దులిపారట. అప్పటి నుంచి అది చీమ. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు మామయ్య నేర్పే మొదటి పాఠం కూడా అదే. పటం ఎటు తిరిగిందో అనుమానం వస్తే పెద్ద చుక్కల్ని అడక్కండి, చీమని అడగండి.

అత్తయ్య చీమని చూశారు. పై ఎడమ మూల. ఉండాల్సిన చోటే ఉంది.

ఆ తర్వాత ఆవిడ నాకు అత్తయ్యలా మాట్లాడలేదు.

"ఎంతసేపు చూసింది?"

"మొదటిదానికి రెండింతలు."

"రోల్ ఎంత తేడా?"

"తొంభై డిగ్రీలకి కాస్త తక్కువ."

ఆవిడ కళ్లు మూసుకున్నారు. ఆ మాట వినగానే ఆవిడకు అంతా తెలిసిపోయిందని నాకు తెలుసు. మీకు కూడా చెప్పాలి.

ఆ టెలిస్కోపుకు రెక్కల్లాంటి సోలార్ పలకలుంటాయి. అవి ఎప్పుడూ సూర్యుడికి ఎదురుగా ఉండాలి. అందుకని ఏడాది పొడుగునా అది మెల్లగా ఒళ్లు తిప్పుకుంటూ ఉంటుంది. ఒకే గెలాక్సీని ఒక కాలంలో ఒక పక్కకు ఒరిగి చూస్తుంది, కొన్ని నెలలాగితే ఇంకో పక్కకు ఒరిగి చూస్తుంది. ఆ ఒరుగునే మేం రోల్ అంటాం. ఆకాశంలో నిజంగా ఉన్నది టెలిస్కోపు ఎటు ఒరిగినా కదలదు. టెలిస్కోపు అద్దంలో ఉన్న లోపం మాత్రం టెలిస్కోపుతో పాటే తిరుగుతుంది. కళ్లజోడు మీద గీత పడితే, తల వంచినప్పుడు గీత కూడా వంగుతుంది. ఎదురుగా ఉన్న గోడ వంగదు.

ఆ అద్దాల్లో అలాంటి గీత ఒకటి ఉందనీ, బాగా వెలిగే ప్రతి చుక్క పక్కనా అది కొక్కెంలాంటి చిన్న వెలుగును తగిలిస్తుందనీ, జంట దొరికిన అయిదారేళ్లకు బయటపడింది. జంటల్ని వెతికే వాళ్లందరికీ ఆ కొక్కెం అంటే పీడకల. అప్పట్లో మామయ్య కూర్చుని లెక్కగట్టారు. చిన్న చుక్కలో కొక్కెం వాటా కొంత ఉంది, అది తీసేసినా ఇంకా వెలుగు మిగులుతోంది, ఆ మిగిలిందే రెండో కృష్ణబిలం అని. లోకం ఒప్పుకుంది. జంట నిలబడింది.

"కుడి పక్కన ఏమైనా మిగిలిందా?" అత్తయ్య కళ్లు తెరవకుండానే అడిగారు. "ఎంత చిన్నదైనా?"

"లేదు."

"గట్టి ఎక్స్-రేలు విడిగా తీసి చూశావా? దుమ్ము మరీ ఎక్కువైతే మెత్తటివి రావు."

"చూశాను. నాకు తెలిసిన అన్ని రకాలుగా చూశాను."

"నీకు తెలియని రకంగా?"

బయట వాన గొట్టంలోంచి జారి కింది అంతస్తువాళ్ల రేకు మీద పడుతోంది. ఆవిడ మళ్లీ సూది ఎత్తి, బొత్తాం కుట్టడం మొదలుపెట్టారు. ఒక కుట్టు, ఇంకో కుట్టు. అంత నింపాదిగా కుట్టడం చూసి నాకు భయం వేసింది.

"ఆ వాటాల లెక్క ఒక్కటే నేను సరిచూడలేదు" అన్నారు చివరికి. "మాకొక పద్ధతుండేది. ఆయన లెక్క నేను చూడాలి, నా లెక్క ఆయన చూడాలి. తప్పు దొరికితే ఆ రోజు అంట్లు తప్పు చేసినవాళ్లవి. ముప్ఫై ఏళ్లలో ఎన్ని అంట్లు తోమారో మనిషి. ఆ ఒక్కవారం, నీ మొగుడు సైకిలు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. నేను ఆసుపత్రిలో ఉన్నాను. తిరిగొచ్చేసరికి పేపరు పంపేశారు. బాగా వచ్చిందోయ్, మన జంట ఎక్కడికీ పోదు, అన్నారు. నేను నమ్మాను. నమ్మడం కాదు. నాకూ అదే కావాలి."

"అత్తయ్యా, అది ఎవరైనా చేసే పొరపాటు."

"ఎవరైనా చేసేది కాదు. జంట కావాలనుకున్నవాళ్లే చేసేది." దారం పళ్లతో కొరికారు. "సరే. ఎవడు పట్టాడు మనల్ని? ఎవరు అడిగి చూపించుకున్నారు రెండోసారి?"

నేను ఈ ప్రశ్న కోసమే రాత్రంతా భయపడ్డాను. చుక్క లేదని చెప్పడం సగం కష్టమే.

"మామయ్య."

ఆవిడ నవ్వారు. నిజంగానే నవ్వారు. "ఏ మామయ్య?"

"మన మామయ్యే. అడిగింది ఆయనే, ఒక్కరే. మీ పేరు లేదు. ఇంకోటి... కాలం కూడా చెప్పి అడిగారు. ఈ నెలల్లోనే చూడాలి, వేరే నెలల్లో అయితే అక్కర్లేదు అని."

అలా అడగడం ఎంత అరుదో అత్తయ్యకు నేను చెప్పక్కర్లేదు. కాలం నిర్ణయించి అడిగితే టైము దొరకడం ఇంకా కష్టమవుతుంది. అయినా అడిగారంటే ఆయనకు గెలాక్సీ కాదు కావాల్సింది. టెలిస్కోపు ఎటు ఒరిగి చూస్తుందో అది కావాలి. చుక్క నిలబడుతుందా, తిరుగుతుందా అన్నదొక్కటే కావాలి.

"అంటే అనుమానం వచ్చింది" అన్నారు అత్తయ్య.

"అవును."

"నాతో అనలేదు."

నేను తల వంచుకున్నాను.

"ఎప్పుడు చూసింది టెలిస్కోపు? నెల చెప్పు."

చెప్పాను. ఆవిడ వేళ్లు కోటు మీద ఆగిపోయాయి. మామయ్యను ఆసుపత్రిలో కిటికీ పక్క మంచానికి మార్చిన నెల అది. ఆ తర్వాత నాలుగు నెలలున్నారు.

"తీసిన వారంలోపే చేతికిస్తారు" అన్నారు ఆవిడ, నాతో కాదు, కోటుతో అన్నట్టు. "అంటే చూసుకున్నారు. చూసుకుని, నా పక్కనే ఉన్నారు." తర్వాత నా వైపు తిరిగారు. "నీకు తెలుసా, ఆ నాలుగు నెలలూ రోజూ సాయంత్రం ఒకటే అడిగేవారు. జంట దొరికిన రోజు ఎలా జరిగిందో చెప్పవోయ్, అని. నర్సు కూడా నవ్వేది, ఈ తాతగారికి కథ చెప్పందే మందు దిగదని. నేను చెప్పేదాన్ని. కంప్యూటరు పాతది, చిత్రం వరస వరసగా పైనుంచి కిందకి దిగేది. ఎవరు ముందు చూశారన్న దగ్గర ఎప్పుడూ పోట్లాటే. ఇరవై ఏళ్లు ఆయన నేనే అన్నారు, నేను నేనే అన్నాను. ఆఖర్లో ఒకరోజు, నువ్వే ముందు చూశావులే, ఒప్పుకుంటున్నాను, అన్నారు. పోయే మనిషి నన్ను గెలిపించి పోతున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి ఏడ్చాను."

నా కళ్లజోడు మసకబారింది. ఊది తుడిచే మనిషి ఇంట్లో లేడు.

"లేనిదాని కథ నా చేత రోజూ చెప్పించుకున్నారు. ఎందుకే? జాలా? నేను తట్టుకోలేనని ఎవరు చెప్పారు ఆయనకి?" కోటు ఆవిడ గుప్పిట్లో నలిగింది. "జంటలు ఎందుకు దొరకవో ఆయనే చెప్పేవారు కదా అందరికీ. రెండూ ఒకేసారి మెలకువగా ఉంటేనే కనిపిస్తాయి, ఒకటి మేల్కొని ఒకటి నిద్రపోతే మనకి ఒకటే అనిపిస్తుంది అని. నాలుగు నెలలు ఆయనొక్కరే మేలుకుని ఉన్నారమ్మా. నేను పక్క కుర్చీలో నిద్రపోతున్నాను."

నేను లేచి వెళ్లి ఆవిడ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను. ఏం చేయాలో తెలియక కోటు అంచు పట్టుకున్నాను. దానికింకా మామయ్య జేబులోని పిప్పరమెంట్ల వాసనుంది. ల్యాబులో నేనేదైనా సరిగ్గా చేస్తే ఆ జేబులోంచే ఒకటి తీసి ఇచ్చేవారు. తప్పు చేస్తే రెండు ఇచ్చేవారు.

"సోమవారం ఏం చేస్తారు?" అని మెల్లగా అడిగాను.

"సోమవారం." ఆవిడ ఆ మాటను పరాయి ఊరి పేరులా పలికారు. "జంట లేదని చెబితే ఆయన పేరు మీద పెట్టిన సభలోనే ఆయన తప్పు నేను చాటినట్టు. చెప్పకపోతే నేను కూడా దాచినట్టు. చూడు, ఎలాంటి చోట నిలబెట్టి వెళ్లాడో మహానుభావుడు. ఇప్పుడు అంట్లు ఎవరు తోమాలి?"

నవ్వాలో ఏడవాలో తెలియని మాట అది. ఇద్దరం రెండూ కాస్త కాస్త చేశాం.

తర్వాత ఆవిడ కోటు మడిచి బల్ల మీద పెట్టి లేచారు.

"పద. ఆ పటం తీసేద్దాం."

"ఏ పటం?"

"మీ గదిలోది. కొత్తగా కాపురం పెట్టినవాళ్ల తలాపున అబద్ధం వద్దు. లేని జంట కింద ఉన్న జంట పడుకోకూడదు."

నేను వద్దనలేకపోయాను. నిజానికి ఆ పటం అంటే నాకు ఇష్టం. పొద్దున్నే కళ్లజోడు లేకుండా చూస్తే ఆ రెండు చుక్కలూ కలిసిపోయి ఒక్కటిగా కనిపిస్తాయి. అది చూసి కూడా నేను నవ్వుకునేదాన్ని.

* * *

గదిలో పక్క సర్దలేదని గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. అత్తయ్య అదేమీ చూడలేదు. నేరుగా గోడ దగ్గరికెళ్లి, మునివేళ్ల మీద లేచి, రెండు చేతులా పటం అందుకుని మేకు నుంచి దించారు. గోడ మీద నలుచదరపు మచ్చ ఇంకా పడలేదు. రెండు నెలలేగా.

మంచం అంచున కూర్చుని పటాన్ని ఒళ్లో పెట్టుకున్నారు. చున్నీ కొంగుతో అద్దం తుడిచారు.

"ఒక్కసారి సరిగ్గా చూసి, తర్వాత అటక మీద పడేద్దాం. రెండు నెలల నుంచి ఇలా పక్కకి పడుకోబెట్టాడు వెధవ. సరిచేస్తా సరిచేస్తా అనడమే."

చిన్న చుక్క కుడి పక్కకి వచ్చేలా, పటాన్ని మెల్లగా ఎడమకు పావు వంతు తిప్పారు. ఇరవై ఏళ్లుగా ఆవిడ కళ్లు మూసుకున్నా కనిపించే చిత్రం ఇప్పుడు ఆవిడ ఒళ్లో ఉండాలి. పెద్ద చుక్క. కుడి పక్కన చిన్న చుక్క.

ఆవిడ చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత తల పక్కకు వంచారు. అద్దం మీద, కింది ఎడమ మూలన, వేలితో ఏదో దులిపారు. అది పోలేదు. ఇంకోసారి దులిపారు.

"అమ్మాయ్" అన్నారు. "ఇది దుమ్మా, చూడు."

వంగి చూశాను. దుమ్ము కాదు. అద్దం లోపలుంది, అచ్చులో ఉంది. ఒక పిసరు చుక్క.

"చీమ" అన్నాను.

"చీమ పైనుండాలి."

"అవును అత్తయ్యా."

"కింద ఉంది."

"అవును."

ఆవిడ పటాన్ని మళ్లీ వెనక్కి తిప్పారు. గోడ మీద రెండు నెలలుగా ఎలా ఉందో అలా. చీమ పాక్కుంటూ వచ్చి పై ఎడమ మూలన ఆగింది. చిన్న చుక్క పెద్ద చుక్క కిందికి దిగింది. ఇందాక ల్యాప్‌టాప్ తెర మీద నేను చూపించిన చిత్రం, చుక్క చుక్కా అదే, ఫ్రేములో, ఆవిడ ఒళ్లో.

ఆ పటం ఎప్పుడూ వంకరగా లేదు. అది పాత చిత్రమే కాదు. మామయ్య రెండోసారి అడిగి తీయించుకున్నది. ఆసుపత్రి మంచం మీదుండి అచ్చు వేయించి, ఫ్రేము కట్టించి, మా పెళ్లికని పెట్టి వెళ్లింది అదే. మమ్మల్ని తప్ప లోకంలో ఎవరినీ చూడనివ్వకుండా తాళం వేసి ఉన్న నెలల్లో, అది మా తలాపునే వేలాడుతూ ఉంది. అత్తయ్య వచ్చి తిట్టి వెళ్తూనే ఉన్నారు. "రేపు సరిచేస్తాలేమ్మా" అని జవాబు వస్తూనే ఉంది.

బస్సులో పరాయివాళ్ల కళ్లజోడు ఒక్క పిసరు ఒరిగితే ఓర్చుకోలేని మనిషి నుంచి.

ఈ ఆలోచన నాకు ఎప్పుడు వచ్చిందో అత్తయ్యకూ అప్పుడే వచ్చినట్టుంది. ఇద్దరం ఒకరినొకరం చూసుకోలేదు. నేను మంచం మీద నలిగిన దుప్పటి చూశాను. రెండు దిండ్లు. పొద్దున అవి కూడా నన్ను నవ్వించాయి.

వీధి తలుపు తాళం తిరిగింది.

"వానకి ఒక్క బేరం లేదు, తొందరగా మూసేశాను" మా ఆయన గొంతు హాల్లోంచి వచ్చింది, ఎప్పటిలా సగం పాటతో. "ఇద్దరికీ వేడివేడిగా బ్రెడ్డు తెచ్చాను, చల్లారకముందే రండి. ఎక్కడున్నారు?"

గొడుగు దులిపిన చప్పుడు. చెప్పులు విప్పిన చప్పుడు. భోజనాల బల్ల దగ్గర అడుగులు ఆగాయి. అక్కడ నా ల్యాప్‌టాప్ తెరిచే ఉంది.

సగం పాట అక్కడ ఆగింది.

కాసేపటికి గుమ్మంలోకి వచ్చాడు. జుట్టు తడిసి ఉంది. చేతిలో కాగితపు పొట్లం ఇంకా ఉంది, దానిలోంచి ఆవిరి వస్తోంది. ఖాళీ గోడను చూశాడు. తల్లి ఒళ్లో పటాన్ని చూశాడు. పటం అంచుల మీద, మళ్లీ తిప్పడానికి సిద్ధంగా ఉన్న ఆవిడ రెండు చేతుల్నీ చూశాడు. మాట తల్లితో అన్నాడు గానీ, చూపు మాత్రం నా మీద ఉంది.

"తిప్పకమ్మా. నాన్న ఎలా తగిలించమన్నారో అలాగే తగిలించాను."